మారిషస్‌లో ఒక తెలుగాయన పెట్టిన సోషలిస్టు పార్టీ ఎందుకు నిలవలేదు?

దేవ్ వీరాస్వామి పెట్టిన ఆ పార్టీ, ఎంఎంఎంఎస్‌పీ గురించి అడిగిన మొదటి తెలుగు మనిషి మీరే అనుకుంటా. ఆ పేరు వినగానే నాకు గాతో పిమాం గుర్తొస్తుంది. మన పప్పు వడే, చిన్న సైజులో చేసి బ్రెడ్డు మధ్యలో పెట్టి ఇస్తారు.

2013 నుంచి నాలుగేళ్లు ఉద్యోగం మీద మారిషస్‌లో ఉన్నాను. మా ఇంటి ఓనరు కోరంగి రేవులో ఓడెక్కిన కూలీల మునిమనవడు. తెలుగు అంటే ఆయనకు రామభజన పాటలు, నాలుగు ముక్కలు, అంతే. మిగతాదంతా క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి జనం భాష), సినిమాల్లో నేర్చుకున్న హిందీ. అక్కడ పెద్దవాళ్లని తోంతోం అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఒక ఆదివారం పొద్దున్నే వడలు తింటూ పేపర్లో 'దేవ్ విరాసామీ' అని చదివాను. ఆయన నవ్వి, "వీరాస్వామి! మనవాడే. ఫ్రెంచోళ్లు అలా రాశారు" అన్నారు.

ఇక మొదలుపెట్టారు. 1970 సెప్టెంబర్‌లో ఉపఎన్నిక. ప్రధాని శివసాగర్ రామ్‌గూలాం సొంత నియోజకవర్గం, త్రియొలే వైపు. పోటీలో ఉన్నది 28 ఏళ్ల కుర్రాడు, ఈ వీరాస్వామే. ఎడిన్‌బరోలో భాషాశాస్త్రం చదివొచ్చాడు, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పార్టీ అంతకుముందు ఏడాదే పుట్టిన ఎంఎంఎం, అంటే మారిషస్ మిలిటెంట్ ఉద్యమం. తోంతోం అప్పుడు బస్సు కండక్టరు. "మీటింగులో క్రియోల్లో మాట్లాడాడు. లీడర్లు మాకు అర్థమయ్యే భాషలో మాట్లాడటం అప్పుడే చూశాం" అని నాకు మూడుసార్లు చెప్పారు. స్వాతంత్ర్యానికి ముందు, 1968 జనవరిలో మత ఘర్షణలు జరిగిన దేశం అది. అలాంటిచోట ఎంఎంఎం వాళ్లు కులం, మతం వదిలేసి వర్గం గురించి మాట్లాడమన్నారు. గెలిచాడు. ఎంఎంఎం తరఫున పార్లమెంటుకి వెళ్లిన మొదటి మనిషి ఒక తెలుగువాడు.

తర్వాతి కథ మనకు తెలియనిదేం కాదు. 1971లో రేవు కార్మికుల సమ్మెలు, ఎమర్జెన్సీ, నాయకులంతా జైలు. 1972లో రావాల్సిన ఎన్నికలు 1976కి వాయిదా. ఈలోగా, 1973లో, వీరాస్వామికి ఎంఎంఎం ఇంకో నాయకుడు పాల్ బెరాంజేతో పొసగలేదు. విడిపోయి ఎంఎంఎం పేరు పక్కనే 'సోషలిస్టు, ప్రోగ్రెసివ్' అని రెండు మాటలు తగిలించి కొత్త పార్టీ పెట్టాడు. మన దగ్గర సీపీఐ ఎం.ఎల్. పక్కన బ్రాకెట్లో ఇంకో పేరు చేరినట్టు! కమ్యూనిస్టులు ఏ దేశంలో చీలినా పేరు పొడుగవుతుంది, జనం తగ్గుతారు. ఇది నా సొంత సిద్ధాంతం, ఇంతవరకూ తప్పలేదు.

"మరి 1976లో ఎవరికి వేశారు తోంతోం?" అని అడిగాను. అక్కడ ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు సభ్యులు, ఒక్కో మనిషికి మూడు ఓట్లు. ఆయన టీ కలుపుతూ కలుపుతూ, "మూడూ ఎంఎంఎంకే. ఆయనకి వేస్తే వేస్టవుతాయని" అన్నారు. భుజాల మీద మోసిన మనిషికి ఆరేళ్లకి ఒక్క ఓటు లేదు! 70 సీట్లలో ఎంఎంఎంకి 34 వచ్చాయి, రామ్‌గూలాం లేబర్ పార్టీకి 28. అయినా లేబర్ వాళ్లు ఇంకో పార్టీని కలుపుకుని రామ్‌గూలాంనే కూర్చోబెట్టారు. వీరాస్వామి పార్టీకి సున్నా. మూడు ఓట్ల పద్ధతిలో గాలి ఎటుంటే మూడు సీట్లూ అటే పోతాయి, చిన్న పార్టీకి ఊపిరాడదు. 1982లో ప్రధాన ద్వీపంలోని 60 సీట్లకి 60 ఒకే కూటమికి పోయాయి. నన్నడిగితే ఆ పార్టీని చంపింది సిద్ధాంతం కాదు, ఈ లెక్క.

వీరాస్వామి మాత్రం ఊరుకోలేదు. క్రియోల్‌లో నాటకాలు రాశాడు, షేక్‌స్పియర్‌ని అందులోకి తెచ్చాడు. 2012లో ప్రైమరీ స్కూళ్లలో క్రియోల్ ఆప్షనల్ సబ్జెక్టు అయింది. అసలు తంటా ఇక్కడే. పిల్లలు క్రియోల్ అయినా తీసుకోవాలి, తెలుగో హిందీయో తమిళమో అయినా తీసుకోవాలి. తోంతోం మనవరాలు క్రియోల్ తీసుకుంది. ఇంట్లో వారం రోజులు గొడవ. "ఆ వీరాస్వామి చేసిన పనే" అని ఆయన తిట్టుకున్నారు.

అందుకేనేమో మన తెలుగు సభల్లో ఆ పేరు వినపడదు. విదేశాల్లో తెలుగు వెలుగులంటూ డాక్టర్లకి, బిల్డర్లకి శాలువాలు కప్పుతారు. జైలుకెళ్లినవాడు, పైగా తెలుగు బదులు కూలీల భాషని పట్టుకున్నవాడు, ఏ వేదికకి పనికొస్తాడు? నేనూ ఆ సభల్లో చప్పట్లు కొట్టినవాణ్ణే లెండి.

2023 నవంబర్‌లో వీరాస్వామి పోయారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజీ లేదు. తోంతోంకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మూడింట్లో ఒకటి వేసుంటే ఏం పోయేది" అన్నారు. తర్వాత ఇండియాలో ఉల్లిపాయల రేటెంతుందని అడిగారు.