మనిషికి నకలు పుడితే పట్టా ఎవరిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సైన్స్ ఫిక్షన్ కథల్లో శక్తి నుంచి ఏ వస్తువునైనా పుట్టించే యంత్రాలు ఉంటాయి కదా. అలాంటిది నిజంగా వచ్చి, మా నాయనకు జ్ఞాపకాలతో సహా అచ్చం ఇంకో మనిషిని తయారు చేస్తే, ఆయన పేరున ఉన్న నాలుగెకరాల మీద ఆ రెండో మనిషికి హక్కు ఉంటుందా? అతను పెట్టిన సంతకం చెల్లుతుందా?

జవాబు: హక్కు ఉండదు, సంతకమూ చెల్లదు. కానీ అతని ప్రాణానికి మాత్రం మీ నాయనకున్నంత రక్షణ ఉంటుంది. రాజ్యాంగం 21వ అధికరణం ‘వ్యక్తి’ని కాపాడుతుంది. ఆ వ్యక్తి ఎట్లా పుట్టాడని అడగదు, పౌరుడై ఉండాలనీ అనదు.

ముందు యంత్రం సంగతి చూద్దాం. 70 కిలోల మనిషిని ఉత్త శక్తి నుంచే పుట్టించాలంటే, 815.6 మెగావాట్ల నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం పూర్తి సామర్థ్యంతో, ఆగకుండా దాదాపు 245 ఏళ్లు నడవాలి. శక్తి నుంచి పదార్థం పుట్టినప్పుడు అంతే ప్రతిపదార్థమూ (పదార్థానికి వ్యతిరేక రూపం, యాంటీమ్యాటర్) పుడుతుంది కాబట్టి ఆ లెక్క ఇంకా రెట్టింపవుతుంది. ఉన్న కార్బన్, నీళ్లు, కాల్షియంతోనే పేర్చితే ఆ బాధ తప్పుతుంది గానీ, 7 పక్కన 27 సున్నాలు పెట్టినన్ని పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో చదవాలి. తెలియని క్వాంటం స్థితికి, అంటే అతి సూక్ష్మ కణాలు ఉన్న స్థితికి, అచ్చమైన నకలు తీయలేమని 1982లోనే రుజువైంది. అయితే జ్ఞాపకం నిలవడానికి అంత సూక్ష్మమైన నకలు కావాలని తేలలేదు. అందుకే మీ ప్రశ్నను కొట్టిపారేయలేం.

ఇక భూమి. పట్టా ఎవరికీ పోలికను బట్టి రాదు. కొనడం, పంపకం, వారసత్వం, వీలునామా, ఇట్లా ఏదో ఒకటి ఆ మనిషికి జరగాలి. మీ నాయన కొన్న రోజున నకలు లేడు. పిత్రార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ కింద హక్కు పుట్టుకతో వస్తుంది. నకలు ఆ ఇంట్లో పుట్టినవాడు కాడు. మీ నాయన పోయాక మొదటి తరగతి వారసుల జాబితా చూసినా కొడుకు, కూతురు, భార్య, తల్లి వంటివారే ఉంటారు, నకలుకు చోటు లేదు. దత్తత తీసుకుందామన్నా, ఆచారం ఒప్పుకుంటే తప్ప, దత్తతకు వచ్చేవారికి 15 ఏళ్లు నిండి ఉండకూడదు. మిగిలిన దారులు గిఫ్టు డీడ్, వీలునామా. వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే రూపు కాబట్టి ఎవరికి రాశారో తేదీతో, గుర్తుతో విడదీసి రాయాలి.

సంతకం దగ్గరే అసలు చిక్కు. నకలు తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి అమ్మకం రిజిస్టర్ చేస్తే వేలిముద్ర సరిపోతుంది, ఫొటో సరిపోతుంది, సాక్షులు కూడా నిజాయితీగానే గుర్తుపడతారు. కవలల వేలిగీతలు కడుపులోనే వేరుగా ఏర్పడతాయి. ఇక్కడ మీ నాయన బొటనవేలి మీది కొడవలి గాటు కూడా నకలుకు వస్తుంది. ఆధార్‌కు వెళ్తే కొత్త నంబరు రాదు, ఇద్దరూ ఒక్కరే అని తేలుతుంది. ఆ దస్తావేజు చెల్లదు నిజమే. మరి నకలుకు శిక్ష పడుతుందా? ఇంకొకరిలా నటించి రిజిస్ట్రేషన్ చేస్తే రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు ఉంది. కానీ అతను తానే మీ నాయననని మనస్ఫూర్తిగా నమ్ముతుంటే, మోసపు ఉద్దేశం రుజువు చేయడం కష్టం.

అందుకే యంత్రం ఆగిన క్షణమే, ఇద్దరూ ఒకచోట కలవకముందే, ఎవరు ఏ గదిలోంచి బయటికొచ్చారో వీడియో తీసి పంచనామా రాయించాలి. ఆ తర్వాత పడే గాట్లు వేరవుతాయి గానీ, తొలి రోజు రికార్డు లేకపోతే అసలు మనిషి ఎవరో చెప్పే ఆధారం ఉండదు. నకలు పాత విషయాలు గుర్తుచేసి చెప్పినా, భారతీయ సాక్ష్య అధినియమ్ 55వ సెక్షన్ ప్రకారం కళ్లారా చూసినవారే చూసిన సంగతి చెప్పాలి. అతని కళ్లు అప్పటికి లేవు.

అసలు మనిషిని నాశనం చేసి నకలు కట్టే యంత్రమైతే అది హత్య. 18 దాటినవాడు ఒప్పుకున్నా నేరం కాకుండా పోదు, హత్య కాస్తా శిక్షార్హమైన నరహత్యకు తగ్గుతుంది, అంతే. ఆ క్షణం నుంచే భూమికి వారసులు మీరు.

యంత్రం లేకుండానే ఒకరి వేలిముద్రతో, పేరుతో ఇంకొకరు అమ్మడం ఇవాళ కూడా జరిగే మోసమే. ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసి పెట్టండి. తెలంగాణ భూముల పోర్టల్ భూభారతిలో మీ సర్వే నంబరు వివరాలు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) అప్పుడప్పుడు చూసుకోండి. తెలియని లావాదేవీ కనిపిస్తే వెంటనే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, ఆ దస్తావేజు రద్దు చేయమనే దావా, మోసం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోపే వేయండి.