డాబా మీది నోట్‌బుక్, హిందూపురం దగ్గర రెండెకరాలు

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మావాడు సెకండ్ పీయూ (ఇంటర్ రెండో ఏడు), సైన్స్. విమానాల పిచ్చి. సాయంత్రమైతే డాబా ఎక్కి పోయేవీ వచ్చేవీ నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. 2025 సెప్టెంబరు 26న ఎయిర్‌ఫోర్స్ మిగ్-21 యుద్ధవిమానాలు రిటైరైన రోజు కాలేజీ ఎగ్గొట్టి, టీవీ ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. విసుగొచ్చి నోట్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడి నిర్వాకం మీకూ తెలియాలని ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. పైలట్ అవుతానంటాడు. హిందూపురం దగ్గర రెండెకరాలుంది, అమ్మితే చేయించొచ్చు. పైలటా, ఏరోనాటికల్ ఇంజినీరింగా, ఏఎంఈనా (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు)? మూడింటినీ పోల్చి చెప్పండి. వాడి చెల్లెలు కూడా ఇప్పుడు డాబా ఎక్కుతోంది.

జవాబు: ముందు ఫొటో చూశాను, తర్వాతే మీ ఉత్తరం చదివాను. స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన అయిదు గళ్లు: తేదీ, టైము, ఏ విమానం, తోక మీద నంబరు, ఎటు నుంచి ఎటు. తేజస్ అని రాసినచోట రెండుసార్లు కొట్టేసి దిద్దాడు, ఒక సీటుదా రెండు సీట్లదా అని అనుమానం వచ్చినట్టుంది. పేజీ అడుగున ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు: 'జూన్ నుంచి మా ఇంటి మీదుగా దిగుతున్నాయి. డిసెంబరులో మా ఇంటి మీదుగా లేచాయి. గాలి?'

విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. మీ మారతహళ్ళి దాని తూర్పు కొసకు దగ్గర. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. వానాకాలమంతా గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి మీ ఇంటి మీదుగా వచ్చి దిగుతాయి. చలికాలం తూర్పుగాలి, అప్పుడు మీ వైపే లేస్తాయి. ఈ సంగతి మీవాడికి ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు. నెలల తరబడి చూసి, రాసి, తనే పట్టుకున్నాడు. దాన్ని మీరు నిర్వాకం అన్నారు.

పైగా అక్కడ చూడ్డానికి మామూలు ప్యాసింజర్ విమానాలు కూడా లేవు. అవి 2008 మే నెలలోనే దేవనహళ్ళిలోని కొత్త ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయాయి. మిగిలినవి తేజస్‌లు, ధ్రువ్ హెలికాప్టర్లు, డోర్నియర్లు, ఎప్పుడో ఒక చిన్న జెట్టు. వాటిని పోల్చుకోవాలంటే కన్ను తర్ఫీదు పొంది ఉండాలి.

ఇక మీ ప్రశ్న. కోర్సుల పేర్లు మూడు రాశారు కానీ మీ భయం ఒక్కటే: కాదంటే వీడు జన్మంతా నన్ను ఆడిపోసుకుంటాడా, సరేనంటే భూమి పోతుందా. ఏటా మార్చి వచ్చేసరికి ఇదే ప్రశ్న పదిమంది తండ్రులు అడుగుతారు, ఊళ్ల పేర్లే మారతాయి. ఈ ఏడాది మీరు ఆ రెండింటిలో దేనికీ సిద్ధపడనక్కర్లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు పద్దెనిమిది నిండాలి, ఆ తర్వాత తలుపు మూసేసేవాళ్లెవరూ లేరు. డిగ్రీ అయ్యాక కూడా వెళ్లొచ్చు, చాలామంది వెళుతున్నారు. తొందరంతా అడ్మిషన్లు అమ్ముకునేవాళ్లది.

నిజంగా గడువున్న దారి ఒకటే, అది మీ ఉత్తరంలోనే లేదు. ఎన్‌డీఏ, అంటే ఇంటర్ తర్వాత సైన్యంలో ఆఫీసర్లుగా తీర్చిదిద్దే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. పందొమ్మిదిన్నర దాటితే ఆ తలుపు మూతపడుతుంది. మిగ్-21 వెళ్లిపోతుంటే ఏడ్చిన కుర్రాణ్ణి ఎయిర్‌ఫోర్స్‌కి వెళతావా అని ఒక్కసారైనా అడిగారా? అడగలేదని నా అనుమానం. రెండెకరాలు అమ్మడానికి ధైర్యముంది కానీ ఆ మాట ఎత్తడానికి లేదు. మీ భయం నాకు అర్థమవుతుంది, కానీ అది మీ భయం. దాన్ని వాడి అయిష్టంగా లెక్కేయకండి. అందులో శిక్షణకు మీ చేతి డబ్బు పడదని కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు పైలట్ సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. 200 గంటలు ఎగిరి లైసెన్సు చేతికొచ్చేసరికి మన దేశంలోనే అరకోటి దాటుతోంది. ఆ పైన ఒక రకం జెట్టు నడపడానికి టైప్ రేటింగ్, దానికింకో పది లక్షలు పైమాటే. 2023లో మన ఎయిర్‌లైన్లు వందల విమానాలకు ఆర్డర్లిచ్చాయి, అది నిజం. 2025 జూలైలో, నవంబరులో రెండు విడతలుగా పైలట్ల డ్యూటీ నిబంధనలు బిగించేసరికి, వారానికి 36 గంటల విశ్రాంతి 48 అయ్యేసరికి, డిసెంబరులో వేల ఫ్లైట్లు రద్దయ్యాయి, అదీ నిజం. ఏజెంట్లు ఆ పేపర్ కటింగులు గోడకంటించుకుని 'చూశారా, పైలట్లు చాలడం లేదు' అంటున్నారు. కొరత ఎక్కువగా కెప్టెన్లకి, అంటే వేల గంటలు ఎగిరినవాళ్లకి. 200 గంటల లైసెన్సుతో వచ్చిన కుర్రాళ్లు క్యూలోనే ఉంటారు. పెద్ద ఎయిర్‌లైన్ పేరుతో నడిచే క్యాడెట్ శిక్షణ ప్రోగ్రాం అయితే ఉద్యోగం ఖాయం కదా అంటారు. ఆ కాగితంలో షరతులు ఒక లాయరు చేత చదివించుకోండి.

ఈ ఊళ్లో ఉంటూ ఎయిర్‌లైన్ వ్యాపారం సంగతి మర్చిపోకూడదు. ఎయిర్ డెక్కన్ 2003లో ఇక్కడే మొదలైంది, ఈ ఊరి కంపెనీదే అయిన కింగ్‌ఫిషర్ 2005లో ఎగిరింది. మొదటిది రెండోదాంట్లో కలిసింది, రెండోది 2012లో ఆగిపోయింది. 2019లో జెట్, 2023లో గో ఫస్ట్. ప్రతిసారీ కొత్త లైసెన్సులవాళ్లు ముందు వరసలో నష్టపోయారు.

నా దగ్గరికి వచ్చిన ఒంగోలు కుర్రాడొకడు పొలం అమ్మిన డబ్బుతో విదేశంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాడు. బ్రోచర్‌లో ఎనిమిది విమానాలు, ఎగిరేవి రెండు. ఏడాదిన్నర అనుకున్నది మూడేళ్లు పట్టింది. తిరిగొచ్చేసరికి జెట్ మూతపడి, అనుభవమున్నవాళ్లే రోడ్డున పడ్డారు. ఆ వెంటనే కోవిడ్. 2022 చివరికి గానీ కాక్‌పిట్ ఎక్కలేదు. అప్పటిదాకా కోరమంగళలో కాల్‌సెంటర్ నైట్ షిఫ్టులు. ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. వాళ్ల నాన్న మాత్రం ఆ ఏళ్లలో పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు, 'మీవాడు ఏం నడుపుతున్నాడు' అని అడుగుతారని.

అయినా వాడు ఎగరడమే కావాలంటే ఆపకండి. ఫీజు కట్టేముందు మెడికల్ చేయించండి. క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1. భూమి అమ్మాక రంగుల చూపులో తేడా బయటపడినవాళ్లను చూశాను. ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ మీ ఇంటికి దగ్గర్లోనే, విమానపురలో ఉంది. రెండెకరాలూ ఒకేసారి అమ్మకండి కూడా. జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలుంది, ముందు ఒకరోజు అక్కడికి తీసుకెళ్లి చిన్న విమానాలు ఎలా ఉంటాయో దగ్గరగా చూపించండి.

పోలిక అడిగారు కాబట్టి మిగతా రెండూ. ఏరోనాటికల్ బీటెక్ పేరు గొప్పగా ఉంటుంది, చాలా కాలేజీల్లో పేరొక్కటే ఉంటుంది. మెకానికల్‌లోనో ఎలక్ట్రానిక్స్‌లోనో గట్టి పునాది వేసుకుని మాస్టర్స్‌కి ఏరోస్పేస్ వైపు తిరగడం మేలని నా అభిప్రాయం. ఐఐఎస్‌సీలో ఆ విభాగం 1942 నుంచీ ఉంది, మీ ఊళ్లోనే. ఏఎంఈ అంటే విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం పెట్టే ఉద్యోగం. అక్కడ విలువ డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఇచ్చే లైసెన్సుకే, కాలేజీ సర్టిఫికెట్టుకి కాదు. డీజీసీఏ గుర్తింపు లేని స్కూల్లో ఒక్క రూపాయి కూడా కట్టకండి. మీరు అడగనిది ఇంకొకటుంది: ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయాలి. గాలి చూసి రన్‌వే లెక్క కట్టే బుర్రకి అది నప్పుతుందేమోనని ఎర్ర ఇంకు చూడగానే అనిపించింది. అయితే ఒక్క పేజీ చూసి భవిష్యత్తు చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ణి కాను.

విమానాలంటే ఇష్టం వేరు, విమానం నడపడమంటే ఇష్టం వేరు. మీవాడికి ఏది ఉందో మీకు తెలీదు, బహుశా వాడికీ తెలీదు. తెలుసుకోవడానికి ఒక ఆదివారం చాలు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్‌ఏఎల్ మ్యూజియం 2001 నుంచీ ఉంది. అన్నేళ్లుగా మారతహళ్ళిలో ఉంటూ మీరు వాణ్ణి అక్కడికి తీసుకెళ్లలేదని పందెం కాస్తాను. మీరు ముందు నడవకండి, వాడి వెనక నడవండి. సిమ్యులేటర్ దగ్గర క్యూ కడతాడా, ఇంజిన్ల దగ్గర ఆగిపోతాడా, కంట్రోల్ టవర్ దగ్గరా, చూడండి. హెచ్‌ఏఎల్ తయారుచేసిన పాత యుద్ధవిమానం మారుత్ దగ్గర ఆగితే, 1961లో ఎగిరిన అంత అందమైన విమానం అనుకున్న వేగం ఎందుకు అందుకోలేకపోయిందో అడగండి. సరిపడా శక్తిగల ఇంజిను దానికి చివరిదాకా దొరకలేదని వాడే చెబుతాడు. ఎంతసేపు చెబుతాడో, ఎక్కడ గొంతు పెరుగుతుందో గమనించండి. సలహా రుసుము కట్టి నా దగ్గర కూర్చుంటే నేను చేసేదీ అదే.

చెల్లెల్నీ వెంట తీసుకెళ్లండి. ఆ అమ్మాయి గురించి ఫిర్యాదుగా ఒక్క వాక్యం రాసి వదిలేశారు. 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్న మన తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి కో-పైలట్ ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేసే. ఈరోజు మన పైలట్లలో ఆడవాళ్ల వాటా ప్రపంచ సగటు కంటే బాగా ఎక్కువ. మూడేళ్ల తర్వాత ఆ పిల్ల గురించి మళ్లీ ఉత్తరం రాస్తారనుకుంటాను, ఈసారి కాస్త పొడుగ్గా రాయండి.

పీయూ పరీక్షలు అయ్యేదాకా డాబా మీద గంటకు మించకూడదని మీరు పట్టుబడితే నేను మీవైపే. ఆఖరి పరీక్ష రోజు మాత్రం బీరువా తాళం తీసి నోట్‌బుక్ ఇచ్చేయండి. జూన్‌లో మళ్లీ పడమటి గాలి మొదలవుతుంది, విమానాలు మీ ఇంటి మీదుగా దిగడం మొదలవుతుంది, వాడు తేదీ రాసుకోవాలి.