బూజు పట్టిన పిండి వేయించి వాడొచ్చా?

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. ఏడాదిగా ఎత్తు సరిగా పెరగడం లేదు. రోజూ వేరుశనగ, మొక్కజొన్న పిండితో జావ పెడతాం. మొన్న డబ్బాలో బూజు కనిపించింది. పైపైన తీసేసి, వేయించి వాడితే ఫర్వాలేదా? మందుల షాపులో ఇచ్చిన ఆకలి టానిక్ మూడు నెలలుగా పడుతున్నాం. – ఒక తల్లి

జవాబు: వాడకూడదు. డబ్బా మొత్తం పారేయండి. పిండిలో బూజు పైనే ఆగదు. పైగా అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వంట వేడికి పోదు. కెన్యాలో 2004లో ఇలాంటి మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడితే 125 మంది చనిపోయారు. అది చాలా ఎక్కువ మోతాదు సంగతి, మీరు టెన్షన్ పడొద్దు. కొద్దికొద్దిగా రోజూ లోపలికి వెళ్తే కాలేయానికి చేటు. పిల్లల ఎదుగుదలకూ దీనికీ సంబంధం ఉన్నట్టు ఆఫ్రికా దేశాలైన బెనిన్, టోగో పిల్లల్లో గమనించారు. అయితే ఎదుగుదల తగ్గడానికి ఇదే కారణమని అన్ని అధ్యయనాలూ తేల్చలేదు. మీ పాపకు కారణం బూజేనని ఉత్తరం చూసి నేను చెప్పలేను.

నన్ను కలవరపెట్టింది టానిక్. ఏడాదిగా ఎత్తు పెరగడం లేదంటున్నారు, డాక్టరును కలిసినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు! ఆకలి మందులు చాలావాటిలో సైప్రోహెప్టడిన్ ఉంటుంది. అసలు అది అలర్జీ మందు. పిల్లలను మగతగా ఉంచుతుంది, ఆకలి తగ్గడానికి అసలు కారణాన్ని కప్పేస్తుంది. పాపకు తగిన మోతాదు ఎవరు లెక్కగట్టారు? షాపువాళ్లు పాపను చూడలేదు కదా. సీసా మీద ఏముందో చదవండి. డాక్టరును అడిగేదాకా ఆపేయడమే మేలు.

రెండు, మూడేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి సుమారు 8 సెంటీమీటర్లు పెరుగుతారు. అంతకు బాగా తక్కువైతే రక్తహీనత, థైరాయిడ్, పేగుల్లో పోషకాలు ఒంటబట్టకపోవడం వంటివి చూడాలి. ఏ పరీక్షలు అవసరమో పిల్లల డాక్టరే నిర్ణయిస్తారు. అఫ్లాటాక్సిన్ రక్తపరీక్ష కోసం మీరే ల్యాబుల వెంట తిరగకండి, చికిత్సకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రోజూ ఒకే పిండి కాకుండా ధాన్యాలు మార్చి పెట్టండి. ముడతపడ్డ, రంగు మారిన గింజలు ఏరేయండి. బాగా ఎండినవే తెచ్చి, తేమ తగలకుండా దాచండి.

కళ్లు పచ్చబడినా, కడుపు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే చూపించండి. టీకాల కార్డులో పాత బరువు, ఎత్తు రాసి ఉంటాయి. దాన్నీ, టానిక్ సీసానూ వెంట తీసుకెళ్లండి.