మిషన్ తీసే ముందు పక్కటెముకల కింద స్కానింగ్ ఎందుకు?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా నాయనకు 58 ఏళ్లు, పోయిన నెల నిమోనియా వచ్చి ఐసీయూలో ఊపిరి మిషన్ (వెంటిలేటర్) మీద పెట్టినారు. తొమ్మిదో రోజు గొంతులో పైపు తీసినారు, సాయంత్రానికే ఆయాసం ఎక్కువై మళ్లీ పెట్టినారు. పన్నెండో రోజు ఇంకో డాక్టరు వచ్చి, గర్భిణీలకు చేస్తారే ఆ స్కానింగ్ మిషన్ తెచ్చి పక్కటెముకల కింద పెట్టి చూసి, డయాఫ్రమ్ ఇంకా వీక్‌గా ఉంది తొందరపడొద్దు అన్నాడు. మా అన్నకు కోపమొచ్చి ఊపిరితిత్తుల జబ్బుకు కడుపు స్కానింగ్ ఏంది, బిల్లు పెంచేదానికా అని గట్టిగా అరిచినాడు. ఇంకో నాలుగు రోజులకు పైపు తీసినారు, నాయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, సంగటి తింటున్నాడు. కానీ చూసేదానికి వచ్చిన చుట్టాలంతా ఆ నాలుగు రోజులు ఊరికే ఉంచినారు అంటాంటే మనసులో పీకుతాంది. ఆ స్కానింగ్ నిజంగా అవసరమేనా?
ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: నాయన సంగటి తింటున్నాడన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయినానమ్మా, చాలా సంతోషం. మిషన్ మీద పెడితే మనిషి ఇంక రాడు అని మన పక్క గట్టిగా నమ్ముతారు, అట్లా నమ్మేవాళ్లకు మీ నాయనను చూపించండి.

మీ ప్రశ్నకు జవాబు మన మాటలోనే ఉంది. ఊపిరి తిత్తి అంటాం కదా, కొలిమి దగ్గర తిత్తి చూసినవాళ్లకు తెలుసు, అది దానంతట అది గాలి పీల్చుకోదు, ఎవరో ఒకరు లాగాల. ఊపిరితిత్తులకు లాగే పని ఎక్కువ భాగం చేసేది వాటి కింద ఉండే డయాఫ్రమ్, స్కూల్లో ఉదర వితానం అని చదువుకునింటారు. గొడుగు మాదిరి పైకి వంగి ఉండే కండరం, బిగుసుకుంటే కిందికి దిగుతుంది, దిగితే పైన చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. మామూలుగా పీల్చేటప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లు, గట్టిగా పీలిస్తే ఆరేడు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. మనం నిద్రపోయినా అది పోదు.

వెంటిలేటర్ పెట్టినాక ఆ పని మిషన్ చేస్తుంది. చెయ్యి విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్లను చూడండి, నెలన్నరకు కట్టు విప్పితే ఆ చెయ్యి రెండో చెయ్యి కంటే సన్నగా ఉంటుంది, చెంబు ఎత్తాలన్నా వణుకుతుంది. డయాఫ్రమ్‌కు నెలన్నర కూడా అక్కర్లేదు. 2008లో అమెరికా డాక్టర్లు, బ్రెయిన్ డెడ్ అయ్యి అవయవదానం చేసినవాళ్ల డయాఫ్రమ్ ముక్కలు తీసి చూస్తే, 18 నుంచి 69 గంటలు మాత్రమే పూర్తిగా మిషన్ మీద ఉన్నవాళ్లలోనే కండరం పోగులు సగానికి పైగా సన్నబడి ఉన్నాయి. దానికి తోడు నిమోనియా లాంటి పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే ఆ విషం కూడా కండరాన్ని తింటుంది. అందుకే ఒక్కోసారి ఎక్స్‌రే బాగైపోతుంది, జ్వరం పోతుంది, ఆక్సిజన్ బాగుంటుంది, తీరా పైపు తీస్తే మనిషి అలసిపోతాడు, ఎందుకంటే తిత్తి బాగైంది గానీ లాగే చెయ్యి బాగు కాలేదు. మీరు రాసినదాన్ని బట్టి తొమ్మిదో రోజు జరిగింది అదే అయ్యుండొచ్చు.

ఆ డాక్టరు చూసింది కడుపు కాదు, కడుపు పైకప్పు. ఎక్స్‌రే మాదిరి రేడియేషన్ ఉండదు, సూది ఉండదు, పేషెంటును మంచం మీద నుంచి కదిలించాల్సిన పని లేదు, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పైపు తీసి మళ్లీ పెట్టడం చిన్న విషయం కాదు, మళ్లీ పెట్టాల్సి వచ్చినవాళ్లకు ప్రాణభయం ఎక్కువ, ఒకసారి అట్లా అయినాక రెండోసారి తీసే ముందు కండరం ఎట్లుందో చూడటం నా దృష్టిలో మంచి పనే. ఆ నాలుగు రోజులు కూడా ఊరికే పడుకోబెట్టి ఉండరు. మిషన్ సాయం కొంచెం కొంచెం తగ్గించి కండరంతో పని చేయిస్తారు, మరీ ఒక్కసారి తగ్గిస్తే మోయలేక దెబ్బతింటుంది, మరీ ఎక్కువ సాయమిస్తే ఇంకా సన్నబడుతుంది. నిద్రమందు తగ్గిస్తారు, కూర్చోబెడతారు, రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం సరిచేస్తారు, పైపు తిండిలో ప్రోటీన్ చూస్తారు.

మీ అన్న అడగడం తప్పేమీ కాదు, అరవడం ఒక్కటే తప్పు. ఎందుకు చేస్తున్నామో నాలుగు మాటలు ముందే చెప్పుంటే ఆ గొడవే ఉండేది కాదు, ఆ తప్పు మా డాక్టర్లది. నాయనను మాత్రం రోజూ నడిపించండి, గుడ్డు, పప్పు బాగా పెట్టండి, పోయిన కండ తిరిగొచ్చేదానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో ఐసీయూ స్టాఫ్ నర్సును. మా దగ్గర డయాఫ్రమ్ స్కాన్ కొత్తగా మొదలుపెట్టినారు. రీడింగ్ బాగున్నవాళ్లు కూడా కొందరు మిషన్ తీస్తే ఫెయిల్ అవుతున్నారు, బాగాలేనివాళ్లు కొందరు హాయిగా బయటపడుతున్నారు. మరి దీన్ని ఎంతవరకు నమ్మాలి?

జవాబు: మంచి ప్రశ్న సిస్టర్. ముందు కొలత ఎప్పుడు తీసినారో చూడండి. ప్రెషర్ సపోర్ట్ (ప్రతి శ్వాసకూ మిషన్ ఇచ్చే తోపుడు సాయం) ఎక్కువ పెట్టి ఎంత దిగుతుందో కొలిస్తే మిషన్ తోసింది కూడా కండరం ఖాతాలో పడిపోతుంది, కాబట్టి టీ పీస్ (మిషన్ సాయం లేకుండా ఆక్సిజన్ మాత్రం ఇచ్చే గొట్టం) మీదో బాగా తక్కువ సపోర్ట్ మీదో చూడాలి. కుడిపక్క లివర్ కిటికీ మాదిరి ఉంటుంది కాబట్టి బాగా కనిపిస్తుంది, ఎడమ పక్క కడుపులో గ్యాస్ వల్ల ఇబ్బంది. పక్కటెముకల కింద నుంచి చూసేటప్పుడు 1 సెంటీమీటరు కంటే తక్కువ దిగితే బలహీనం అనుకుంటాం, పీల్చేటప్పుడు కిందికి దిగాల్సింది పైకి పోతుంటే ఆ పక్క నరం పనిచేయడం లేదేమో అని అనుమానించాలి.

రెండోది కండరం మందం. పక్కన ఎనిమిది నుంచి పది పక్కటెముకల మధ్య లీనియర్ ప్రోబ్ (చర్మానికి దగ్గరి భాగాలను స్పష్టంగా చూపే స్కాన్ పరికరం) పెట్టి, వదిలినప్పుడు 2 మిల్లీమీటర్లు ఉండి పీల్చినప్పుడు 2.8 అయితే 40 శాతం మందమైనట్టు, 2.3 మాత్రమే అయితే 15 శాతం. 30 శాతం దాటితే బయటపడే అవకాశం ఎక్కువ అని చాలామంది వాడతారు, కొన్నిచోట్ల 36 పెట్టుకుంటారు. చూడండి, కొలిచేదే మిల్లీమీటరులో పదో వంతుల్లో, ప్రోబ్ కొంచెం వాలినా లెక్క మారిపోతుంది, అందుకే రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి, ఒక్క నంబరు చూసి పైపు తీయకూడదు, ఒక్క నంబరు చూసి ఆపనూ కూడదు.

ఇంక కండరం బాగుండీ ఫెయిల్ అయ్యేవాళ్ల సంగతి. గుండె వీక్‌గా ఉంటే మిషన్ తీయగానే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, అదే ప్రోబ్‌తో ఊపిరితిత్తులు, గుండె కూడా చూస్తే దొరుకుతుంది. కఫం ఎక్కువుండి దగ్గలేకపోవడం, పైపు వల్ల గొంతు వాయడం, పూర్తిగా స్పృహ లేకపోవడం, ఇవేవీ డయాఫ్రమ్ చెప్పదు. మిషన్ సాయం ఆపి లేదా బాగా తగ్గించి సొంతంగా ఊపిరి తీయించి చూసే 30 నిమిషాల నుంచి 2 గంటల ట్రయల్, నిమిషానికి శ్వాసల సంఖ్యను లీటర్లలో ఒక శ్వాస పరిమాణంతో భాగిస్తే 105 లోపు ఉందా అనే 1991 నాటి లెక్క, వీటి పక్కన స్కాన్‌ను పెట్టుకోండి, వీటి బదులు కాదు. ఇంకో మాట, ట్రయల్‌లో పేషెంటు మెడ కండరాలు బిగపట్టి పీలుస్తున్నాడు, చెమటలు పడుతున్నాయి అని అందరికంటే ముందు చూసేది మీరు. అది డాక్టరుకు చెప్పేదానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: మాది ఆదోని పక్క, పత్తి పంట. మా తమ్ముడి ఒంట్లోకి పురుగులమందు పోయి ఆసుపత్రిలో చేర్చినాం. రెండో రోజుకు బాగా మాట్లాడినాడు, మూడో రోజు మళ్లీ ఊపిరి ఆడక మిషన్ పెట్టినారు, వారం తర్వాత తీసినారు. ఇంటికి వచ్చేసినాడు గానీ, మందు సరిగ్గా ఇవ్వలేదేమో అని మా అనుమానం.

జవాబు: అట్లా అనుకోవద్దు. కొన్ని రకాల పురుగులమందుల్లో, మొదటి గండం దాటిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, ఊపిరి కండరాలు చచ్చుబడిపోతాయి, ఎంత బాగా వైద్యం చేసినా కొందరికి వస్తుంది. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని వివరంగా రాసినారు. రోజూ దిండు మీద నుంచి తల ఎత్తమని అడుగుతుంటారే, అది దీనికోసమే, తల ఎత్తలేకపోతే తర్వాత ఊపిరి దెబ్బతినొచ్చని ముందే గుర్తు. ఇక్కడ డయాఫ్రమ్ అరిగిపోలేదు, నరం నుంచి దానికి కబురు అందలేదు అంతే, అందుకే చాలామంది ఒకటి నుంచి మూడు వారాల్లో పూర్తిగా తేరుకుంటారు. పురుగులమందు ఒంట్లోకి ఎట్లా పోయిందో మీరు రాయలేదు, నేను అడగను. కానీ తమ్ముడి మనసులో ఏదైనా భారం ఉంటే 14416కు ఫోన్ చేయించండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో మిగిలిన పురుగులమందు డబ్బాలు ఈరోజే తాళం వేసి పెట్టండి.