సరైన ఐఆర్‌ను కూడా వెరిఫయర్ తిప్పికొడుతుంటే ఆ చెక్ తీసేయొచ్చా?

మీరు అడిగింది ఇది: ఎమ్‌ఎల్‌ఐఆర్‌లో (కంపైలర్లు కట్టుకునే ఫ్రేమ్‌వర్క్; అందులో ప్రోగ్రామ్‌కి ఉండే మధ్యంతర రూపమే ఐఆర్) మీ సొంత డయలెక్ట్ (ఆపరేషన్ల సెట్), అందులో టెన్సర్లను కూడే ఆప్ (ఆపరేషన్). ఆపరాండ్లు (ఆప్‌కి ఇచ్చే విలువలు), రిజల్ట్ టైపులు అచ్చుగుద్దినట్టు ఒకటే ఉండాలని ఆల్‌టైప్స్‌మ్యాచ్ అనే చెక్ పెట్టారు. షేప్ ఇన్ఫరెన్స్ (టెన్సర్ల సైజులు లెక్కగట్టే పాస్, అంటే ఐఆర్ మీద నడిచే ఒక దశ) నడిచాక ఒక ఆపరాండ్ సైజు '?' నుంచి 4 అయింది, రెండోది '?' గానే ఉంది. ఐఆర్ నియమాల ప్రకారం ఉందో లేదో చూసే వెరిఫయర్ ఒప్పుకోవడం లేదు.

చెక్ తీసేయకండి. నేను తీసేశాను, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. ఆ రోజుకి టెస్టులన్నీ పాసయ్యాయి. రెండు వారాల తర్వాత ఎల్‌ఎల్‌విఎమ్‌కి (చివరికి మెషిన్ కోడ్ పుట్టించే కంపైలర్ భాగం) దించేటప్పుడు అసర్షన్ ఫెయిల్. చూస్తే, ఒక రీరైట్ ప్యాటర్న్‌లో ఎఫ్16 (16 బిట్ల దశాంశ) విలువను ఎఫ్32తో (32 బిట్లది) కలిపింది నేనే. పాత చెక్ ఉంటే ఆ పాస్ దగ్గరే దొరికిపోయేది. ఏడు పాస్‌లు వెనక్కి వెతకడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

ఆ చెక్‌లో నిజానికి రెండు షరతులు కలిసిపోయి ఉన్నాయి. ఎలిమెంట్ టైపు (టెన్సర్ లోపలి ఒక్కో విలువ టైపు) ఒకటే ఉండాలి, అందులో రాజీ లేదు. షేప్ అలా కాదు. '?' అంటే ఎంతో ఇంకా తెలియదని, అంతేగానీ 4 కాదని కాదు. 4కి ఎదురుగా 5 వస్తేనే తప్పు. ఈ పోలికకు వెరిఫైకంపాటిబుల్‌షేప్ అనే ఫంక్షన్ ముందే ఉంది. సేమ్‌ఆపరాండ్స్‌అండ్‌రిజల్ట్‌టైప్ ట్రెయిట్ (ఆప్‌కి తగిలించే నియమం) కూడా, పేరు చూస్తే కఠినంగా అనిపిస్తుంది గానీ, షేపులను ఇలాగే పోలుస్తుంది. నేను దానికే మారాను.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. మూడు టైపులూ ఒకటే కదా అని అసెంబ్లీ ఫార్మాట్‌లో (ఆప్‌ను టెక్స్ట్‌గా రాసే తీరు) ఒక్కటే రాయించేవాణ్ని. సడలించాక ఐఆర్‌ను డంప్ చేసి మళ్లీ చదివిస్తే, '?' కాస్తా 4 అయి కూర్చుంది! ఎర్రర్ లేదు, ఏమీ లేదు. కాబట్టి మూడింటినీ విడివిడిగా ప్రింట్ చేయించండి. ఫోల్డ్ (ఆప్‌ను మరింత సులువైన విలువగా కుదించే కోడ్) కూడా చూసుకోండి: సున్నా కలిపితే ఆపరాండ్‌నే తిరిగిచ్చే కోడ్ ఉంటే, దాని టైపు రిజల్ట్ టైపుతో సరిపోతేనే ఇవ్వాలి.

ఎఫ్16తో ఎఫ్32, 4తో 5 కలిపితే ఎర్రర్ రావాల్సిందేనని రెండు టెస్టులు రాసిపెట్టుకోండి. ఒకవేళ ఈ గొడవ మీకు ఒక్క పాస్‌లోనే వస్తుంటే మాత్రం చెక్ జోలికి పోకుండా అక్కడొక టెన్సర్.కాస్ట్ (టెన్సర్ షేప్ టైపును మార్చే ఆప్) పెట్టేస్తే సరిపోతుంది.