షాక్ కొట్టాక వేలి మీద చిన్న మచ్చే ఉంది, ఆసుపత్రికి వెళ్లాలా?

తమ్ముడూ, నిన్న సాయంత్రం బోరు స్టార్టర్ దగ్గర మీ అన్నకు షాక్ కొట్టిందని, వేలి మీద చిన్న మచ్చ తప్ప ఏమీ లేదని, వదినె టూత్‌పేస్ట్ రాసిందని, మనిషి మామూలుగానే తిరుగుతున్నాడని రాశావు. ఆసుపత్రికి పోవాలా అని అడిగావు. పోవాలి, ఇవాళే, ఇప్పుడే. బండి మాత్రం ఆయనను నడపనివ్వకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా బాపు. మాది నర్సంపేట వైపు పల్లె. మిర్చికి నీళ్లు పెడదామని తెల్లవారుజామున పోయాడు. రాత్రి వానకు స్టార్టర్ డబ్బా తడిసి ఉంది. చెయ్యి పెట్టగానే పట్టేసింది. కరెంటుకు కండలు బిగుసుకుపోతాయి కాబట్టి వదిలించుకుందామన్నా చెయ్యి రాదు. పక్క చేనులో ఉన్న కాక, బాపును ముట్టుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి ఉరికి, హ్యాండిల్ గుంజి కరెంటు బంద్ చేశాడు. ఆ ఒక్క తెలివితోనే ఆ రోజు ఇద్దరూ బతికారు.

బాపు లేచి కూర్చున్నాడు, మంచినీళ్లు అడిగాడు. చూపుడు వేలి కొనకు కందిగింజంత తెల్లటి మచ్చ, అంచు నల్లగా ఉంది. ముట్టుకుంటే గట్టిగా తగిలింది, నొప్పి లేదన్నాడు. అమ్మ పసుపు పెట్టింది. ‘ఇంతేగా’ అని నేనే అన్నాను. సాయంత్రానికి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది, ముంజేయి వాచి రాయిలా అయింది. అప్పుడు తీసుకుపోయాం.

అక్కడ డాక్టరు ముందుగా కాళ్లు చూశారు. ఎడమ మడమ పగుళ్ల మధ్యలో ఇంకో నల్ల మచ్చ దొరికింది. కరెంటు వేలిలోంచి దూరి అక్కడ బయటపడింది. చర్మం మీద రెండు చుక్కలే, కానీ మధ్యలో అది పోయిన దారంతా కండలు కాలాయి. దెబ్బతిన్న కండలోంచి వచ్చే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడుతుందని, మూత్రం రంగు అందుకే మారిందని చెప్పారు. గంటల తరబడి సెలైన్ పెట్టారు, ఈసీజీ చూస్తూనే ఉన్నారు. లోపలి ఒత్తిడి తగ్గడానికి ముంజేతిని పొడవునా కోసి తెరిచారు. కిడ్నీలు నిలబడ్డాయి, వేలు మాత్రం తీసేయాల్సి వచ్చింది. పొద్దున్నే పోయి ఉంటే ఆ వేలు దక్కేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మీ అన్న చేతులే కాదు, అరికాళ్లు, మడమలు కూడా చూడు. మూత్రం రంగు అడుగు. గుండె దడ, కళ్లు తిరగడం, చేతి తిమ్మిరి, వాపు, వీటిలో ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. కింద పడితే మెడ, వెన్ను కూడా దెబ్బతిని ఉండవచ్చు, ఆ సంగతి అడుగు. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యి. పేస్టును నీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన పొడి గుడ్డ కప్పు. ఇంకేమీ రాయొద్దు.

మంటకో, మరిగే నూనెకో కాలినప్పుడు మొదటి మందు కుళాయి నీళ్లే. 20 నిమిషాలు ధారగా పోయాలి. కాలిన మూడు గంటల లోపైతే ఆలస్యమైనా పోయవచ్చు. ఐసు, పసుపు, సిరా, పేస్టు వద్దు. అంటుకుపోయిన బట్టను పీకొద్దు. పిల్లలకు కాలిన చోటే నీళ్లు పోసి, మిగతా ఒళ్లు కప్పి ఉంచాలి, లేకపోతే చలికి వణికిపోతారు.

ఇంకోసారి ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ బంద్ చేయాలి. అది కుదరకపోతే, ఇంటి కరెంటు వరకే, పొడి నేల మీద నిలబడి ఎండు కట్టెతో వైరును తోయవచ్చు. 11 కేవీ తీగ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే పెద్ద లైను) తెగి పడితే కట్టె కూడా పనికిరాదు. కనీసం పది మీటర్ల దూరంలో ఉండి, కరెంటు వాళ్ల నంబరు 1912కు గానీ లైన్‌మన్‌కు గానీ చెప్పి సరఫరా ఆపించాలి. దగ్గర్లో ఉన్నవాళ్లు పాదాలు రెండూ ఆనించి, నేలకు రాస్తూ తీగకు దూరంగా చిన్నగా జరగాలి, పెద్ద అంగలు వేయొద్దు.

కరెంటు పోయిందని ఖాయం చేసుకున్నాక, మనిషి పలకకుండా, శ్వాస మామూలుగా లేకుండా ఉంటే అరికాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. ఛాతీ నడుమ రెండు చేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, 108 వాళ్లు వచ్చి అందుకునే దాకా.

వరంగల్ దగ్గరైతే ఎంజీఎం పెద్దాసుపత్రికి పోవచ్చు. క్యాజువాలిటీలో ‘వేలు కాలింది’ అనొద్దు, ‘త్రీ ఫేజ్ కరెంటు షాక్’ అని చెప్పు. ఎన్ని గంటలకు కొట్టింది, ఎంతసేపు పట్టింది, స్పృహ తప్పాడా, ఆ తర్వాత మూత్రం ఎన్నిసార్లు వచ్చింది, ఇవన్నీ అన్నను దారిలోనే అడిగి పెట్టుకో.