గణితాన్ని కళ్లకు కట్టిన జీమన్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గణితాన్ని సామాన్యులకు చేరువ చేసినవారికి ఇంగ్లండులో ఇచ్చే క్రిస్టొఫర్ జీమన్ పతకం గురించి గత నెల ఈ శీర్షికలో రెండు వాక్యాలు రాశాను. వాటిని చదివి చాలామంది జీమన్ గురించి అడిగారు. అందుచేత ఈసారి శీర్షికనంతా ఆయనకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా భౌతికశాస్త్ర పాఠంలో ‘జీమన్ ప్రభావం’ అనే మాట వస్తుంది. మీరు రాసిన జీమన్ ఆయనేనా? ఆయన గణితంలో ఏం చేశారు?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

సమాధానం: కాదు, ఇద్దరూ వేరు. అయస్కాంత క్షేత్రంలో వర్ణపట రేఖలు చీలుతాయని కనిపెట్టిన పీటర్ జీమన్ నెదర్లాండ్స్‌కు చెందిన భౌతికశాస్త్రవేత్త. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మన క్రిస్టొఫర్ జీమన్ 1925 ఫిబ్రవరి 4న జపాన్‌లో పుట్టారు. తండ్రిది డెన్మార్క్, తల్లిది ఇంగ్లండు, పెరిగింది ఇంగ్లండులో. 1943 నుంచి 1947 వరకు బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో చదివి, టోపాలజీలో పరిశోధకులయ్యారు. ఒక ఆకారాన్ని తెంచకుండా, అతికించకుండా ఎంత సాగదీసినా, ఎంత వంచినా మారకుండా నిలిచే లక్షణాలను పరిశీలించే గణితశాఖ టోపాలజీ.

ఆయన పరిశోధనలో ముడుల గురించిన ఫలితం నాకు ఎంతో ఇష్టం. ఒక తాడుకు ముడి వేసి, రెండు కొసలనూ కలిపి అతికిస్తే, తాడును కోయకుండా ఆ ముడిని విప్పడం మన త్రిమితీయ ప్రపంచంలో సాధ్యం కాదు. నాలుగో మితి కూడా ఉంటే మాత్రం ఆ ముడి విడిపోతుంది. కాగితం మీద గీసిన గీతను చీమ దాటలేదనుకోండి. ఆ చీమకు పైకి ఎగిరే దారి దొరికితే గీత అడ్డు కాదు కదా! నాలుగో మితి తాడుకు అలాంటి దారి చూపుతుంది. ఇక తాడు స్థానంలో బంతి ఉపరితలాన్ని ఊహించుకుంటే, నాలుగు మితుల ప్రపంచంలో దానికి ముడి వేయవచ్చు. ఐదు మితులలో వేయగలమా? (ఇక్కడ మాట్లాడుతున్నది చిన్న చిన్న చదునైన ముక్కలతో కూర్చదగిన ఉపరితలాల గురించి.) వేయలేమని, వేసినట్లు కనిపించినదల్లా విడిపోయి తీరుతుందని జీమన్ 1960లో నిరూపించారు. ఆ మరుసటి ఏడాది, ఒక ఆకారం టోపాలజీ దృష్టిలో గోళమేనని ఎప్పుడు చెప్పవచ్చో తెలిపే పాయింకరే ప్రతిపాదనకు ఎక్కువ మితులలో ఉన్న రూపాన్ని నిరూపించే కృషిలో, స్టాలింగ్స్ అనే గణితవేత్త పద్ధతిని 5, 6 మితులకు కూడా వర్తింపజేశారు.

1964లో, అప్పుడే పుడుతున్న వార్విక్ విశ్వవిద్యాలయంలో గణితశాఖను నెలకొల్పే బాధ్యత స్వీకరించారు. అక్కడ ఏడాదికొక అంశాన్ని ఎంచుకొని, దాని మీద పనిచేసే గణితవేత్తలను అనేక దేశాల నుంచి రప్పించే పద్ధతి పెట్టారు. కుటుంబాలతో వచ్చే ఆ అతిథుల కోసం కట్టించిన ఇళ్లలోని పఠనగదుల గోడల వంపు వెంబడి నల్లబల్లలు ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ ఉండగానే పక్క గదిలో ఒక సిద్ధాంతం ఆ బల్ల మీద సాగిపోవచ్చు. గణితం ఎలా పుడుతుందో దగ్గరగా చూసినవారికే ఇటువంటి ఏర్పాటు తడుతుందని నా నమ్మకం.

ప్రశ్న: గణితాన్ని గురించి రాయడం, వివరించడం రెండో శ్రేణి మేధస్సులు చేసే పని అని ఇంగ్లండు గణితవేత్త హార్డీ అన్నారు. జనంలోకి వెళ్లిన గణితవేత్త పరిశోధన దెబ్బతినదా? జీమన్ విషయంలో అలా జరగలేదా?
– విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

సమాధానం: హార్డీ ఆ మాట 1940లో వెలువడిన ‘ఎ మేథమెటీషియన్స్ అపాలజీ’ అనే తన పుస్తకంలో రాశారు. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. కొత్త గణితాన్ని సృష్టించే శక్తి తనలో ఉడిగిపోయిందన్న బాధ ఆ పుస్తకమంతటా కనిపిస్తుంది. ఆ బాధను గౌరవిస్తూనే ఒక సంగతి గుర్తు చేయాలి. అదే 1940లో ఆయన రామానుజన్ కృషి మీద చేసిన 12 ప్రసంగాలు పుస్తకంగా వెలువడ్డాయి. రామానుజన్ నోటు పుస్తకాలలో నిరూపణలు లేకుండా బారులు తీరిన సూత్రాలను చూసి నిలిచిపోయినవారికి, ఆ సూత్రాల వెనుక ఉన్న ఆలోచన వైపు దారి తీసింది ఆ ప్రసంగాలే. వివరించడం రెండో శ్రేణి పని అన్న మాటను హార్డీ స్వయంగా తన చేతలతో కాదన్నారని నేను భావిస్తాను.

జీమన్‌కు పరిశోధన వేరు, వివరణ వేరు కాలేదు. ఐదు మితులను మనసులో చూడగలిగిన చూపే ఆయన ప్రసంగాలలోనూ పనిచేసింది. అయితే మీ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 1969–70లో ఆయన పారిస్ సమీపంలోని పరిశోధనా సంస్థలో ఫ్రెంచి గణితవేత్త రెనె థామ్ వద్ద గడిపి, ‘కెటాస్ట్రఫీ సిద్ధాంతా’న్ని (కెటాస్ట్రఫీ అంటే విపత్తు) వెంట తెచ్చుకున్నారు. కారణాలు నెమ్మదిగా, ఎడతెగకుండా మారుతున్నా ఫలితం ఒక్కసారిగా ఎందుకు దూకుతుందో చెప్పే గణితం అది. ఆ దూకుడును నిర్ణయించే అంశాలు నాలుగుకు మించకపోతే, దూకడానికి ఉండే ప్రాథమిక రీతులు 7 మాత్రమే. ఇది గట్టి గణితం. దానికి ఏ లోపమూ లేదు.

చిక్కు అన్వయంలో వచ్చింది. భయమూ కోపమూ ఒకేసారి పెరుగుతున్న కుక్క ఎప్పుడు పారిపోతుంది, ఎప్పుడు మీదికి దూకుతుంది అనే ఉదాహరణను జీమన్ ఒక పటం గీసి ఎంతో అందంగా చెప్పేవారు. అదే పటాన్ని ఆయన స్టాక్ మార్కెట్ పతనాలకు, జైలు తిరుగుబాట్లకు కూడా వర్తింపజేశారు. భయాన్ని, సామాజిక ఉద్రిక్తతను ఏ కొలబద్దతో కొలుస్తారని సస్‌మన్, జాలర్ అనే ఇద్దరు గణితవేత్తలు 1977లో ‘నేచర్’ పత్రికలో నిలదీశారు. మరుసటి ఏడాది స్టీఫెన్ స్మేల్ వంటి గణిత ఉద్దండుడు కూడా విమర్శించారు. సామాజిక విషయాల వరకు ఆ విమర్శ చాలామటుకు సరైనదేనని నా అభిప్రాయం. పటం ఎంత అందంగా ఉంటే దానిని అంత సులభంగా నమ్ముతాము. వినేవారే కాదు, చెప్పేవారు కూడా నమ్ముతారు. జీమన్ మీద ఉన్న గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. జనం ముందు గణితం చెప్పేవారు నిరూపించినది ఏది, ఊహించినది ఏది అనే గీతను తరగతి గదిలో కంటే మరింత స్పష్టంగా గీయాలి, ఎందుకంటే సభలో కూర్చున్నవారికి ఆ గీతను తామే గీసుకునే సాధనాలు ఉండవు.

ప్రశ్న: ఆయన పిల్లలకు ప్రసంగాలు ఇచ్చారని రాశారు. పిల్లలలో వాటి ప్రభావం నిలిచిందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: నిలిచింది, అదీ పేర్లతో చెప్పగలిగినంతగా. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం క్రిస్మస్ ప్రసంగాలు 1825లో మొదలయ్యాయి. మైకేల్ ఫారడే కొవ్వొత్తి గురించి చెప్పిన ప్రఖ్యాత ప్రసంగాలు కూడా ఆ వరుసలోనివే. రసాయనం, విద్యుత్తు, నక్షత్రాలు, జంతువులు అన్నీ వచ్చాయి గానీ, 150 ఏళ్లకు పైగా గణితం ఆ వేదిక ఎక్కలేదు. ప్రయోగం చేసి చూపడానికి గణితంలో ఏముంటుందన్న అనుమానం దానికి ఒక కారణమై ఉండవచ్చు. 1978లో ఆ వేదిక మీద తొలిసారి గణితం చెప్పినవారు జీమన్. ముడులు, సంఖ్యలు, అనంతం, చిత్రలేఖనంలో దూరాన్ని చూపే పద్ధతి, సంగీతంలోని తరంగాలు ఆయన ఎంచుకున్న అంశాలలో కొన్ని. చిత్రాలుగా మారిన గణితం అనే అర్థం వచ్చే పేరును ఆ వరుసకు పెట్టారు. అవి టెలివిజన్‌లో కూడా ప్రసారమయ్యాయి.

ఆ ప్రసంగాలు విన్న పిల్లలలో 13 ఏళ్ల మార్కస్ డు సాటోయ్ ఒకరు. ఆయన పెద్దయ్యాక, సౌష్ఠవాన్ని పరిశీలించే సమూహ సిద్ధాంతంలో పరిశోధకులై, ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులై, 2006లో అదే వేదిక నుంచి గణితం మీద క్రిస్మస్ ప్రసంగాలు ఇచ్చారు. అంతకు ముందు 1997లో ఇచ్చిన ఇయన్ స్టువర్ట్ వార్విక్‌లో డాక్టరేట్ చేసి అక్కడే ఆచార్యులైనవారు; జీమన్ పతకం తొలిసారి 2008లో ఆయనకే దక్కింది. 2019లో గణితవేత్త హన్నా ఫ్రై వంతు వచ్చింది. ఒక శీతకాలంలో చెప్పిన కొన్ని గంటల పాఠం నుంచి ఇంత వరుస సాగింది.

నేను మరింత విలువైనదిగా భావించేది వేరొకటి ఉంది. ఆ ప్రసంగాలకు వచ్చిన ఆదరణను ఆధారం చేసుకొని, గణితం మీద ఆసక్తి ఉన్న బడిపిల్లల కోసం 1981లో మాస్టర్‌క్లాసులు మొదలయ్యాయి. వాటిలో పిల్లలు కేవలం వినరు, కాగితమూ పెన్సిలూ తీసుకొని తామే లెక్క తేలుస్తారు. టెలివిజన్ మోజు పుట్టిస్తుంది, కానీ ఆ మోజు చేతిలో పనిగా మారకపోతే వారంలో చల్లారిపోతుంది. రాయల్ సొసైటీ జీమన్‌కు 1988లో ఫారడే బహుమతి ఇచ్చింది. 1991లో ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది. 2016 ఫిబ్రవరి 13న కన్నుమూశారు.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతికి గణితం చెబుతాను. జీమన్ చేసిన పనిలో మా పిల్లల చేతికి ఇవ్వగలిగినది ఏదైనా ఉందా?
– ఉపాధ్యాయురాలు, అనంతపురం

సమాధానం: ఉంది. ఆయన రూపొందించిన ‘కెటాస్ట్రఫీ యంత్రం’ ఖరీదు రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక అట్టముక్క. పేరు చూసి భయపడనక్కరలేదు.

ముందు ఒకే కొలత ఉన్న రెండు రబ్బరు బ్యాండ్లు తీసుకొని, సాగదీయకుండా బల్ల మీద పరచి పొడవు కొలవండి. 6 సెంటీమీటర్లు ఉందనుకుందాం. పాత శుభలేఖ అట్ట నుంచి అంతే వ్యాసం ఉన్న బిళ్లను కత్తిరించి, దాని కేంద్రాన్ని చెక్కపలక మీద పిన్నుతో గుచ్చండి. బిళ్ల తేలికగా తిరగాలి. బిళ్ల అంచున ఒకచోట చిన్న పిన్ను గుచ్చి, రెండు బ్యాండ్లనూ దానికి తగిలించండి. ఒక బ్యాండు రెండో కొసను, బిళ్ల కేంద్రం నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో, అంటే వ్యాసానికి రెండింతల దూరంలో, పలకకు కొట్టిన మేకుకు తగిలించండి. రెండో బ్యాండు కొసలో పెన్సిలు దూర్చి, మేకుకు ఎదురు దిశలో పట్టుకోండి.

ఇప్పుడు పెన్సిలును చాలా నెమ్మదిగా అడ్డంగా జరపండి. చాలాచోట్ల బిళ్ల కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. కొన్నిచోట్ల మాత్రం, చేయి వెంట్రుకవాసి కదిలినా బిళ్ల టక్కున అటు దూకుతుంది. దూకిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టించండి. ఎడమ నుంచి కుడికి వెళుతూ పెట్టినవి ఎర్రచుక్కలు, కుడి నుంచి ఎడమకు వచ్చినవి నీలిచుక్కలు అయితే, రెండు రంగులూ ఒకేచోట పడవని పిల్లలే కనిపెడతారు. వచ్చిన దారినే వెనక్కి వెళితే బిళ్ల దూకినచోటే తిరిగి దూకదు.

ఎందుకని అడుగుతారు. వామనగుంటల పీట మీద పక్కపక్కనే ఉన్న రెండు గుంటలను చూపండి. ఒక గుంటలో గింజ ఉంది. పీటను కొద్దిగా వంచితే గింజ తన గుంటలోనే ఉంటుంది. పక్క గుంట ఎంత లోతుగా ఉన్నా దానికి తెలియదు. వంచుతూ పోతే ఒక క్షణాన తన గుంటకు గట్టు లేకుండా పోతుంది, అప్పుడు పక్కదానిలోకి జారిపోతుంది. తిరిగి రావాలంటే పీటను మామూలు స్థితికి తెస్తే చాలదు, అటువైపు అంతే వంచాలి. సాగిన రబ్బరులో దాగిన శక్తికి కూడా ఇలాంటి రెండు గుంటలు ఉంటాయి, బిళ్ల వాటిలో ఒకదానిలో నిలుస్తుంది.

చుక్కలన్నీ కలిపితే పక్కలు లోపలికి వంగి, నాలుగు మొనలు తేలిన వజ్రపు ఆకారం వస్తుంది. మేకునూ బిళ్ల కేంద్రాన్నీ కలిపే గీతను పొడిగిస్తే, రెండు మొనలు దాని మీదనే ఉంటాయి. లెక్క ప్రకారం, 6 సెంటీమీటర్ల బిళ్లకు అవి కేంద్రం నుంచి సుమారు 8.4, 14.7 సెంటీమీటర్ల దూరంలో పడాలి. నిజమైన రబ్బరు లెక్కలోని రబ్బరంత క్రమంగా సాగదు కనుక కొంత తేడా వస్తుంది. ఆ రెండు మొనలకు దగ్గరవుతున్నకొద్దీ దూకుడు చిన్నదై, మొన దాటాక పూర్తిగా మాయమవుతుంది. ఈ ఆకారాన్ని ముందుగా బోర్డు మీద గీయకండి. చుక్కలు కలిపే పనిని చివరి బెంచీ పిల్లలకు అప్పగించండి.